పండుగప్పకు బొమ్మ చేప: రాడ్, రీల్, లైన్ ఏవి కొనాలి?

యానాంలో పండుగప్ప అంటాం. ఎన్నూరు, పులికాట్ వైపు స్థిరపడిన మనవాళ్లు ఇంట్లో పండుగప్ప అన్నా, బజారుకెళ్లి అడిగేది కొడువా. చిలికా పక్కన ఉన్నవాళ్లకు భేక్టి. ముంబై, రాయగఢ్ జిల్లా వైపు జితాడ. పేర్లు నాలుగైనా చేప ఒక్కటే. ఇంగ్లీషులో ఏషియన్ సీబాస్ అంటారు, ఆస్ట్రేలియావాళ్లు బారాముండి అంటారు. ఉప్పునీళ్లూ మంచినీళ్లూ కలిసే చోట పెరిగే చేప కాబట్టి సముద్రపు ఒడ్డున తెలుగువాళ్లు ఎక్కడ స్థిరపడినా దాదాపు అక్కడికి ఇదీ చేరే ఉంటుంది.

ఈ మధ్య మన ఇళ్లలో కుర్రాళ్లు వానపాము, రొయ్య మానేసి బొమ్మ చేపలతో గాలం వేయడం మొదలెట్టారు. మంచిదే. చిక్కంతా సామాను కొనే దగ్గర వస్తోంది. ఇంటర్నెట్‌లో 'బాస్ ఫిషింగ్, క్రాంక్‌బైట్' అని వెతికితే వచ్చే సలహాల్లో ఎక్కువ భాగం అమెరికా చెరువుల్లో ఉండే లార్జ్‌మౌత్ బాస్ గురించి రాసినవి. మన సీబాస్‌కూ దానికీ పేరులో ఒక ముక్క కలిసింది గానీ కుటుంబాలు వేరు, ఉండే నీళ్లు వేరు, బలం వేరు. ఆ సలహా చూసి పదిహేను, ఇరవై వేలు పెట్టి, ఒక్క చేపనూ ఒడ్డుకు తేలేక సామాను అటక మీద పడేసిన ఇళ్లు మాకు తెలిసినవే రెండు మూడు ఉన్నాయి.

మేమూ ఆ పొరపాటు చేసినవాళ్లమే. రెండేళ్ల కిందట మా మేనల్లుడు అమెరికా నుంచి వస్తూ మాకోసం ఒక సెట్ మొత్తం తెచ్చాడు. ఏడడుగుల మెత్తటి రాడ్, నెమ్మదిగా చుట్టే రీల్, దాని మీద 12 పౌండ్ల ఫ్లోరోకార్బన్ లైన్, డబ్బా నిండా రంగురంగుల క్రాంక్‌బైట్లు. ఆటు తీస్తున్న వేళ గౌతమి పాయలో ఒక చిన్న కాలువ మొగ దగ్గర వేశాం. మూడో విసురుకే పట్టింది. ఒక్క ఎగురు ఎగిరి తల విదిలించింది, అంతే, లైన్ తెగింది. తెగిన కొస వేలితో తడిమితే గరుకుగా ఉంది. తరవాతి వారం ఇంకొకటి పట్టింది. ఈసారి లైన్ తెగలేదు గానీ బొమ్మ చేప తిరిగొచ్చేసరికి దాని ముళ్లు సాఫుగా సాగిపోయి ఉన్నాయి. మా వాడిది తప్పేమీ లేదు. అక్కడి చేపకు అది చక్కటి సెట్టే. ఇక్కడి చేపకు అందులో సగం పనికొస్తుంది, సగం మార్చుకోవాలి. ఏ సగం ఉంచుకోవాలి, ఏ సగం మార్చాలి అన్నదే ఈ వ్యాసం.

బొమ్మ చేప పని చేసే తీరు

క్రాంక్‌బైట్ అంటే ప్లాస్టిక్‌తోనో తేలిక చెక్కతోనో చేసిన పొట్టి చేప బొమ్మ. మూతి దగ్గర పారదర్శకమైన రేకు ఒకటి ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. ఊరికే వదిలేస్తే చాలా రకాలు నీళ్ల మీద తేలతాయి. రీల్ చుట్టడం మొదలెట్టగానే నీళ్లు ఆ రేకు మీద తోసి బొమ్మను కిందికి దింపుతాయి, అటూ ఇటూ ఊపుతాయి. ఆ ఊపే పెద్ద చేపకు ఎర. రేకు చిన్నదై నిటారుగా ఉంటే అడుగు, రెండడుగుల లోతే వెళ్తుంది. పొడవై ముందుకు వాలి ఉంటే మూడు నాలుగు మీటర్లు దిగే రకాలు కూడా ఉన్నాయి.

టెన్నెసీలో ఫ్రెడ్ యంగ్ అనే ఆయన చేత్తో చెక్కిన 'బిగ్ ఓ' అనే చెక్క బొమ్మ, ఆ తరవాత 1970ల్లో ప్లాస్టిక్‌లో పోతపోసిన దాని నకళ్లు అమెరికా అంతా ఈ పొట్టి రకాన్ని పాకించాయి. అంతకు చాలా ముందే, 1936లో, ఫిన్లాండ్‌లో లౌరి రాపాలా అనే జాలరి సన్నటి చేప బొమ్మ చెక్కాడు. ఈనాడు మన దుకాణాల్లో కనిపించే రాపాలా పేరు ఆయనదే. పండుగప్పకు ఆ సన్నటి, పొడవాటి రకమే ఎక్కువ నప్పుతుందని మా అనుభవం. పాయల్లో అది తినే చిన్న చేపల ఆకారం అదే కదా. ఆస్ట్రేలియాలో కూడా బారాముండికి మూతి రేకున్న ఈ సన్నటి బొమ్మల్నే విసురుతారు, పడవ వెనక లాగుతారు.

ఒక మాట ముందే చెప్పాలి. యానాంలో గాలం అనగానే పులస పడుతుందా అని అడుగుతారు. పడదు. పులస నీళ్లను వడగట్టి కంటికి కనపడని నలుసులు తినే చేప. బొమ్మ చేపను తరమడం దాని నైజం కాదు. అది వలకే.

అమెరికా సెట్ వెనకున్న ఆలోచన

అక్కడివాళ్లు క్రాంక్‌బైట్‌కు మెత్తటి రాడ్ ఎందుకంటారో తెలిస్తే మిగతావన్నీ వాటంతటవే అర్థమవుతాయి. ఈ బొమ్మకు కింద రెండు చోట్ల మూడు ముళ్ల గాలాలు వేలాడుతుంటాయి. ఒక్కో ముల్లు చిన్నది, సన్నది. అది చేప నోట్లో లోతుగా దిగదు, పెదవి అంచున చర్మాన్ని పట్టుకుంటుంది. గట్టి రాడ్‌తో ఝాడించి లాగితే ఆ చర్మం చిరిగి ముల్లు ఊడివస్తుంది. అందుకే కొస దగ్గరే వంగి ఆగిపోయే 'ఫాస్ట్' రాడ్ కాకుండా, నడుము దాకా వంగే 'మోడరేట్' రాడ్ వాడతారు. చేప తల విదిలించినప్పుడు ఆ విసురును రాడ్ మింగుతుంది, ముల్లు ఉన్నచోటే ఉంటుంది. ఇంకో లాభం, చేప అందుకున్న క్షణంలో రాడ్ కాస్త సాగి ఇస్తుంది కాబట్టి బొమ్మను పూర్తిగా నోట్లోకి తీసుకునే సమయం దానికి దొరుకుతుంది. పూర్తి కార్బన్ రాడ్ల కంటే గాజునార లేదా గాజునారా కార్బనూ కలిపి చేసిన రాడ్లు ఈ పనికి మేలు. బరువు కాస్త ఎక్కువ, ధర కాస్త తక్కువ.

ఈ ఆలోచన పండుగప్పకు కూడా నూటికి నూరుపాళ్లు వర్తిస్తుంది. తల విదిలించడంలో దాన్ని మించినది మన పాయల్లో లేదు. కాబట్టి మెత్తటి రాడ్ మాట వదలకండి. మారాల్సింది మెత్తదనం కాదు, నడుము బలం. బాస్ ప్రపంచ రికార్డు 10 కిలోల పైచిలుకు. 1932లో జార్జియాలో పట్టింది, 2009లో జపాన్‌లో దానికి సమంగా ఇంకొకటి పట్టారు. మామూలుగా అక్కడ చేతికొచ్చేవి కిలో, రెండు కిలోలు. పండుగప్పలో 2010లో క్వీన్స్‌లాండ్‌లో 44 కిలోలది పట్టారు. మనకు పడేవి ఎక్కువగా రెండు నుంచి ఐదు కిలోలే అయినా, తరవాతి విసురుకు ఎంతది వస్తుందో చెప్పలేం. రాడ్ మీద 'మీడియం హెవీ', 'మోడరేట్' లేదా 'మోడరేట్ ఫాస్ట్' అని రాసి ఉన్నది, ఆరున్నర నుంచి ఏడడుగుల పొడవుది తీసుకోండి. మడ చెట్ల మధ్య చిన్న పడవలో కూర్చుని వేసేవాళ్లకు ఆరున్నర. గట్టు మీంచి, వంతెన పక్క నుంచి వేసేవాళ్లకు ఏడు.

రాడ్ పిడి పైన చిన్న అక్షరాల్లో ఎంత బరువు బొమ్మ విసరవచ్చో కూడా రాసి ఉంటుంది. దుకాణంలో ఎవరూ దాన్ని చదవరు, చూపించరు. పండుగప్పకు వాడే తొమ్మిది, పన్నెండు సెంటీమీటర్ల బొమ్మలు 15 నుంచి 25 గ్రాములు తూగుతాయి. 10–30 గ్రాములు అని ఉన్న రాడ్ సరిపోతుంది. ఔన్సుల్లో ఉంటే ఒక ఔన్సు సుమారు 28 గ్రాములని గుర్తుంచుకోండి. పది గ్రాముల రాడ్‌తో పాతిక గ్రాముల బొమ్మ విసిరితే విసురులోనే కొస విరిగిపోవచ్చు.

అసలు మార్పు లైన్‌లో

అక్కడివాళ్లు 10, 12 పౌండ్ల సన్నటి ఫ్లోరోకార్బన్ ఎందుకు వాడతారు? లైన్ ఎంత లావుంటే నీళ్లు దాన్ని అంత అడ్డుకుంటాయి, బొమ్మ అంత తక్కువ లోతుకు దిగుతుంది. కాబట్టి సన్నటి లైన్ కావాలి. ఫ్లోరోకార్బన్ నీళ్లలో మునుగుతుంది, అదీ లోతుకు సాయమే. తెరిపి నీళ్లలో ఐదు కిలోల బలమున్న లైన్ బాస్‌కు చాలు.

మన దగ్గర మూడు చిక్కులున్నాయి. పండుగప్ప మొప్ప మూత అంచు కత్తిలా ఉంటుంది. నోట్లో పళ్లు కనపడవు గానీ దవడలు గరుకు కాగితంలా ఉంటాయి. మూడోది అది ఉండే చోటు. మడ వేళ్లు, లాకుల గోడలు, వంతెన స్తంభాలు, వాటికి అంటుకున్న ఆలిచిప్పలు. గాలం తగలగానే అది చేసే మొదటి పని తిరిగి ఆ వేళ్లలోకి దూరడం. మొదటి రెండు మీటర్లలో ఆపలేకపోతే చేప పోయినట్టే.

దీనికి మందు అల్లిన లైన్, కుర్రాళ్లు బ్రెయిడ్ అనేది. 30 పౌండ్ల బ్రెయిడ్ మందం ఇంచుమించు 12 పౌండ్ల ఫ్లోరోకార్బన్ అంతే. అంటే బొమ్మ దాదాపు అంతే లోతుకు దిగుతుంది, బలం మాత్రం పదమూడు కిలోలు దాటుతుంది. అమెరికావాళ్లు క్రాంక్‌బైట్‌కు బ్రెయిడ్ వద్దంటారు, అది సాగదు కాబట్టి ముళ్లు ఊడిపోతాయని. వాళ్ల మాట నిజమే. అందుకే రాడ్ మెత్తగా ఉండాలని పైన అంత గట్టిగా చెప్పాం. లైన్ సాగనప్పుడు ఆ సాగడం రాడ్ చేయాలి. గట్టి రాడ్‌కు బ్రెయిడ్ కట్టి క్రాంక్‌బైట్ వేయడం అన్నిటికంటే చెడ్డ కలయిక. చిత్రమేమంటే మన దుకాణాల్లో 'సీబాస్ కాంబో' అని అమ్మేవాటిలో మేం చూసినవి ఎక్కువ అలాంటివే.

బ్రెయిడ్ లాగుడుకు తెగదు గానీ ఒరిపిడికి ఇట్టే తెగుతుంది. కాబట్టి దాని కొసకు మీటరు, మీటరున్నర నైలాన్ లేదా ఫ్లోరోకార్బన్ లీడర్ ముడివేయాలి, 40 నుంచి 60 పౌండ్లది. మేం 50 వాడతాం. చేపకు మొప్ప దగ్గర రాసుకునేది ఈ లీడరే. ప్రతి చేప తరవాతా కొస వేళ్ల మధ్య పెట్టి లాగి చూడండి. గరుకు తగిలితే ఒక జానెడు కోసేసి మళ్లీ కట్టండి. మా మొదటి చేప పోయింది ఈ ఒక్క మీటరు లేకనే.

లావు లీడర్‌ను బొమ్మ ముక్కుకు బిగించి ముడివేస్తే బొమ్మ ఊపు చచ్చిపోతుంది. కొసలో చిన్న ఉచ్చు వదిలేలా ముడివేయండి, లేదా గట్టి స్నాప్ పెట్టండి. ఇంకో చిన్న సంగతి. బ్రెయిడ్‌ను నేరుగా స్పూల్ మీద చుడితే చేప లాగినప్పుడు మొత్తం కట్ట జారుతుంది, రీల్ పాడైందని దుకాణానికి పట్టుకెళ్లినవాళ్లున్నారు. ముందు పది మీటర్లు మామూలు నైలాన్ చుట్టి, దాని మీద బ్రెయిడ్ చుట్టాలి.

రీల్

రీల్ మీద 5.2:1, 6.3:1, 7.1:1 అని అంకెలుంటాయి. పిడి ఒక్కసారి తిప్పితే స్పూల్ మీద లైన్ అన్ని చుట్లు పడుతుందని అర్థం. లోతుకు దిగే బొమ్మ నీళ్లను బలంగా తోస్తుంది కాబట్టి దాన్ని రోజంతా చుట్టడం శ్రమ. సైకిల్ మీద ఎత్తు ఎక్కేటప్పుడు చిన్న గేరు వేసినట్టే, అక్కడివాళ్లు దీనికి 5 దగ్గర ఉన్న రీల్ వాడతారు. పెద్ద అంకె రీల్‌ను నెమ్మదిగా తిప్పితే సరిపోదా అంటే, వేగం తగ్గుతుంది గానీ మణికట్టు నొప్పి తగ్గదు.

మనకు మాత్రం 6 దగ్గర ఉన్నది మేలు. పండుగప్ప ఒక్కోసారి పడవ వైపే దూసుకొస్తుంది. లైన్ వదులైన ఆ క్షణంలో ఎగిరి తల విదిలిస్తే ముల్లు ఊడుతుంది. వదులును వెంటనే చుట్టేయాలంటే మరీ నెమ్మది రీల్ పనికిరాదు. మన పాయల్లో మరీ లోతు బొమ్మల అవసరం కూడా తక్కువే.

రాడ్ పైన కూర్చునే బైట్‌కాస్టర్ కొనాలా, కింద వేలాడే స్పిన్నింగ్ రీల్ కొనాలా? బొటనవేలు స్పూల్ మీద ఉంచి గురిచూసి మడ వేళ్ల పక్కనే పడేయాలంటే బైట్‌కాస్టరే. కానీ కొత్తవాళ్లకు ఎదురుగాలిలో స్పూల్ ఆగక లైన్ ఉండ చుట్టుకుపోతుంది, పొద్దంతా అది విప్పుకోవడానికే సరిపోతుంది. మొదటి రెండేళ్లూ 4000 సైజు స్పిన్నింగ్ రీల్‌తో నడపండి. ఏ రీల్ కొంటున్నారో దానికి తగ్గ రాడ్డే కొనాలి, రెండిటికీ రింగులు, పిడి వేరు. ఉప్పునీళ్లకు పనికొస్తుందని రీల్ పెట్టె మీద రాసి ఉందో లేదో చూడండి. మా మేనల్లుడు తెచ్చిన రీల్ చెరువు నీళ్లకు చేసినది. ఒక్క వానాకాలం గడిచేసరికి లోపల తుప్పు పట్టి కిర్రుమనడం మొదలెట్టింది.

డ్రాగ్, అంటే చేప గట్టిగా లాగినప్పుడు లైన్ జారనిచ్చే బిగుతు, చేత్తో ఉజ్జాయింపుగా పెట్టకండి. లైన్ కొసను స్ప్రింగు కాటాకు తగిలించి లాగండి. మూడు కిలోల దగ్గర జారాలి. 30 పౌండ్ల లైన్ బలంలో అది పావు వంతు కంటే తక్కువే. అంతకు మించితే లైన్ తెగదు గానీ ముళ్లు సాగుతాయి.

ముళ్ల మాట

మా రెండో చేప పోయింది ముళ్లు సాగి. బాస్ బొమ్మలకు వచ్చే ముళ్లు సన్నటి తీగవి. వాటిని, వాటిని పట్టి ఉంచే రింగుల్ని తీసేసి లావు తీగవి వేసుకోవాలి. అయితే లావు ముళ్లు బరువు. తేలాల్సిన బొమ్మ మునిగిపోవచ్చు, ఊపు మందగించవచ్చు. మార్చాక ఇంట్లో నీళ్ల తొట్టిలో వేసి చూడండి. మెల్లగానైనా పైకి తేలాలి. ఈ తేలడం చాలా ముఖ్యం. బొమ్మ వేరుకు తగులుకున్నప్పుడు లాగకుండా లైన్ వదులు చేస్తే చాలాసార్లు అదే వెనక్కి జరిగి పైకి వచ్చేస్తుంది. పండుగప్ప తరచుగా అందుకునేది కూడా చుట్టడం ఆపినప్పుడు బొమ్మ కదలక నిలిచే ఆ రెండు క్షణాల్లోనే.

అందుకున్నాక ఎగదన్ని లాగకండి. చుడుతూనే రాడ్‌ను పక్కకు వాల్చండి, ముళ్లు వాటంతటవే దిగుతాయి. ఎగరబోతోందనిపిస్తే రాడ్ కొస నీళ్ల దాకా దించండి. ఒడ్డుకు తెచ్చాక మొప్పల్లో వేళ్లు పెట్టకండి. మా వాళ్లలో ఒకరికి అలా ఐదు కుట్లు పడ్డాయి. దవడ పట్టే గ్రిప్పర్, పొడుగు ముక్కు పటకారు, కళ్లకు అద్దాలు, ఈ మూడూ సామాను ఖర్చులోనే లెక్కేసుకోండి.

మొదట ఏం కొనాలి?

దుకాణంలో ముందు రాడ్ చూపిస్తారు, తరవాత రీల్. మీరు వెనక నుంచి రండి. మీరు వేయబోయే చోటు లోతు ఎంతో అక్కడి పడవవాళ్లను అడగండి. దాన్నిబట్టి బొమ్మ, బొమ్మ బరువునుబట్టి రాడ్, చేపనూ చోటునూబట్టి లైన్, చివర రీల్. డబ్బు చాలకపోతే రాడ్‌లో తగ్గించండి, లైన్‌లో, ముళ్లలో తగ్గించకండి. గాజునార రాడ్ చవకదైనా మెత్తగానే వంగుతుంది. చవక బ్రెయిడ్ మాత్రం రాసిన బలం కంటే చాలా ముందే తెగుతుంది.

కోలారు, బళ్లారి, హోసూరు వైపు ఉన్నవాళ్లు ఇదంతా మాకెందుకు అనుకోవచ్చు. నిజమే, చెరువుల్లో కొరమీను కోసం ఈ బొమ్మ వేస్తే చేపకు ముందు నాచు పడుతుంది. దానికి నీళ్ల మీద జారే కప్ప బొమ్మ, గట్టి రాడ్ కావాలి. అది ఇంకో వ్యాసం.

పాయల్లో వేసేవాళ్లకు రెండు మాటలు. కోరింగ లాంటి అభయారణ్యాల పరిధిలో అడవి శాఖను అడగకుండా గాలం వేయకండి. వలలు కట్టిన చోటికి వంద గజాల దూరంలో ఉండండి. మా బొమ్మ ఒకసారి ఒక మత్స్యకారుడి వలకు పట్టేసింది. మూడు ముళ్లు విడదీయాలంటే ఆయన తన వల కళ్లే కోసుకోవాల్సి వచ్చింది. డబ్బిచ్చాం, పుచ్చుకున్నాడు. మళ్లీ ఆ గట్టుకు వెళ్లడానికి మాకే ముఖం చెల్లలేదు.

పెద్ద చేప పడితే ఏం చేయాలన్నది ఎవరి ఇష్టం వాళ్లది. మేం మాత్రం ఒకటి పాటిస్తున్నాం. పండుగప్పలు ముందు మగవిగా ఎదిగి, పెద్దయ్యాక ఆడవిగా మారతాయి. మీటరు పొడవున్నది దాదాపుగా ఆడదే, గుడ్లు పెట్టేది అదే. క్వీన్స్‌లాండ్‌లో 58 సెంటీమీటర్లకు తక్కువవీ 120కి మించినవీ ఇంటికి పట్టుకెళ్లనివ్వరు. మేం మీటరు దాటినవాటిని ఫోటో తీసి వదిలేస్తున్నాం. వదలాలనుకునేవాళ్లు ముళ్ల కొనలకున్న వెనక మొనను ముందే పటకారుతో నొక్కేయండి, తీయడం తేలిక, వేలికి దిగినా తేలిక.

ఇంటికొచ్చాక రీల్ డ్రాగ్ బిగించి, కొళాయి నీళ్లు సన్నగా వదిలి కడగండి. జోరుగా కొడితే ఉప్పు లోపలికి పోతుంది. ఆరాక డ్రాగ్ వదులు చేసి పెట్టండి. బొమ్మల్ని ఒక పూట మంచినీళ్లలో నానబెట్టి, ఎండబెట్టాకే డబ్బాలో సర్దండి. తడి బొమ్మ ఒక్కటి లోపల ఉన్నా వారానికల్లా డబ్బాలో ముళ్లన్నీ ఎర్రబడతాయి.